గోడ దాటే చోట షాఫ్ట్ ఊగకూడదు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి, పెరట్లో నీళ్ళలోనూ బురదలోనూ నడిచే బండి మొదలుపెట్టావని చెప్పింది. వినగానే నా మేనల్లుడని ఎంత గర్వపడ్డానో. భయం తర్వాత వచ్చింది, పక్క మీద వాలాక. తెల్లవారేదాకా నిద్ర లేదు. లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీచేత ఈ పని ఏది చేయిస్తోందో నాకు తెలుసు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మన లంకకు కాజ్‌వే మునిగిపోయింది. నెలలు నిండిన పిల్లను నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. పడవ సిద్ధంగానే ఉంది, ఆ పడవ దాకా చేరడమే కష్టమైంది. మోకాలి లోతు ఒండ్రులో నువ్వూ ఒక మంచం కోడు పట్టుకున్నావు. నీ వయసులో నాకు 1986 ఆగస్టు అలాంటిది. అప్పుడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు.

చిన్న చిన్న సంగతులు నీకు తెలిసినవే. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకు. ఇంజనుకు గాలి పీల్చే గొట్టం బాగా ఎత్తుకు తీసుకో. రోడ్డు మీద నడిచి వేడెక్కిన హబ్‌ను, అంటే చక్రం మధ్య ఉండే గుండును, ఒక్కసారిగా నీళ్ళలో దించితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు అంచుల్లోంచి నీళ్ళు లాగేస్తుంది. ప్రతి హబ్‌కూ గాలి ఆడేలా ఒక బ్రీదర్ పైపు పెట్టు.

ఇక నువ్వు గీసిన బండి బొమ్మ సంగతి. మీ అమ్మ ఫోటో పంపింది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే జంట చేతులు, దేని స్ప్రింగు దానికే. కాలేజీలో బాజా అనే గతుకుల నేల బండ్ల పోటీకి చేసిన బండి లాగే ఉంది. గుంతల్లో చక్కగా నడుస్తుంది, కాదనను. కానీ బాజా బండికి అడుగు తెరిచి ఉంటుంది. నీది తొట్టె. తొట్టెకు పెట్టే ప్రతి కంతా నీళ్ళకు దారే. నేల మీదా నీళ్ళలోనూ నడిచే కెనడా వాళ్ళ ఆర్గో బండ్లు చూశావు కదా. చాలావాటికి స్ప్రింగులే ఉండవు, మెత్తటి పెద్ద టైర్లే ఆ పని చేస్తాయి. చక్రాన్ని తిప్పే షాఫ్ట్ తొట్టె గోడలోంచి తిన్నగా బయటికొచ్చి తిరుగుతుందే తప్ప ఊగదు. నువ్వు ఊగే షాఫ్టును గోడలోంచి తెస్తున్నావు. నేనూ అదే చేశాను.

1989లో నాకు యాక్సిడెంటైన మారుతీ 800 ఒకటి తుక్కు ధరకు దొరికింది. దాని ఇంజను, గేర్ బాక్సు, డ్రైవ్ షాఫ్టులు తీసి, ఇనప రేకుతో తొట్టె వెల్డింగ్ చేసి అందులో బిగించాను. షాఫ్టులు బయటికొచ్చే చోట నీళ్ళు రాకుండా లారీ ట్యూబు కోసి బూట్లు, అంటే రబ్బరు తొడుగులు, కుట్టాను. తేలడానికి అడుగు పలకల కింద థర్మోకోల్ నింపాను. ఊరి చెరువులో పది నిమిషాలు తిప్పాను. చుక్క నీరు రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తర్వాత వైనతేయ పాయలో దింపాను. పక్కన మీ నాన్న కూర్చున్నాడు. మీ అక్క అప్పుడు మీ అమ్మ కడుపులో ఉంది. ఎండగా ఉందని బావ కోసం పైన టార్పాలిన్ కట్టాను, నాలుగు మూలలా తాళ్ళతో, గట్టిగా.

నాకు తట్టనిది ఒకటి ఉంది. నేల మీద బండి బరువుకు స్ప్రింగులు నొక్కుకుని ఉంటాయి. తేలగానే ఆ బరువు పోతుంది, చక్రాలు కిందికి వేలాడతాయి. షాఫ్ట్ ఎప్పుడూ లేనంత వాలుగా తిరుగుతుంది. చెరువులో పది నిమిషాలకు బయటపడనిది ఏట్లో అరగంటకు బయటపడింది. కుడివైపు బూటు రేకు అంచుకు రాసుకుని చిరిగింది. నీళ్ళు పలకల కిందికి చేరాయి కాబట్టి కనపడలేదు. బండి ఎందుకో బరువుగా తిరుగుతోందని బావ అన్నాడు. లోపల చేరిన నీళ్ళన్నీ ఒక్కసారి ఒక పక్కకు దొర్లాయి. బండి ఒరిగింది.

నేను బయటికి విసిరివేయబడ్డాను. బావ టార్పాలిన్ కింద ఉండిపోయాడు. నా మొలతాడుకు కట్టుకున్న చిన్న కత్తితో తాడు కోశాను. ఒక్క తాడు కోయడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ నా చేతులకు తెలుసు. వల వేసుకుంటున్న వాళ్ళు నాటు పడవ తెచ్చి ఇద్దరినీ లాగారు. మీ నాన్న ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. నా మీద మాట రాకూడదనే.

నాలుగు రోజులకు బండిని ఒడ్డుకు లాగి పలకలు విప్పాను. థర్మోకోల్ లేదు. పెట్రోలు పైపు జాయింటు దగ్గర కారుతూ ఉండేది. ఆ పెట్రోలుకు థర్మోకోల్ కరిగి జిగురు ముద్దయింది. మేము ఏట్లో దిగేనాటికే తేలే సామాను సగం పోయిందన్నమాట.

తర్వాత ఒకటి చదివాను. 1999 మే 1న అమెరికాలో, ఆర్కాన్సాస్ రాష్ట్రంలోని లేక్ హామిల్టన్‌లో, రెండో ప్రపంచ యుద్ధం నాటి డక్ అనే, నీళ్ళలోనూ నడిచే లారీ యాత్రికులతో మునిగింది. 13 మంది పోయారు. షాఫ్ట్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు ఊడి నీళ్ళు చేరాయి. పైకప్పు వల్ల జనం బయటపడలేకపోయారు. అదే బూటు, అదే కప్పు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

కాబట్టి విను. విష్‌బోన్లు వద్దనను, వాటిని పూర్తిగా తొట్టె బయటే ఉంచు. గోడ దాటే చోట పొట్టి షాఫ్టు ఒకటి బేరింగ్ హౌసింగులో, అంటే బేరింగు బిగించే గట్టి గూటిలో, కూర్చోవాలి. అది తిరగాలే గాని ఊగకూడదు. రెండు ఆయిల్ సీళ్ళు, మధ్యలో గ్రీజు. షాఫ్టు వాలినా తిప్పే కీలు, అదే ఊగే సి.వి. జాయింటు, ఆ తర్వాత, బయట. అప్పుడు దాని బూటు చిరిగితే జాయింటు పాడవుతుంది, మనిషి బతుకుతాడు. చక్రం మరీ వేలాడకుండా ప్రతి విష్‌బోన్‌కూ ఒక పట్టీ కట్టు.

లెక్క కూడా చెబుతాను. నీ బండి 650 కిలోలు అన్నావట. మునిగిన ఇనుము ఎనిమిదో వంతు తేలికవుతుంది, అంటే 570 దాకా మిగులుతుంది. ఆ బరువును తేల్చడానికి 700 లీటర్ల ఫోమ్ పెట్టు, టైర్లలో గాలిని లెక్కలోకి తీసుకోకు. థర్మోకోల్ కాదు, పెట్రోలుకు కరగని, నీళ్ళు పీల్చని ఫోమ్. ముందు చిన్న ముక్కను వారం రోజులు పెట్రోల్లో నానబెట్టి చూడు. దాన్ని అడుగున పెట్టకు. అడుగున ఉంటే నీళ్ళు నిండినప్పుడు బండి తిరగబడుతుంది. పక్క గోడల పైభాగంలో పెట్టు. పైన కప్పు వద్దు. ఎండకు టోపీ పెట్టుకోండి.

చక్రాలు తిప్పుకుంటూ ఈదే బండి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు. పొలాల్లో నిలిచిన నీళ్ళకు, బురదకు అది చాలు. ఎర్రనీరు పరిగెత్తే పాయలో మాత్రం దింపకు. అక్కడికి పడవ వాళ్ళే వెళ్ళాలి.

పెయింటు వేయకముందే కాలవలో దించి, డ్రెయిన్ ప్లగ్ తీసేసి, తొట్టె నిండా నీళ్ళు నిండనివ్వు. అలా నిండాక కూడా నలుగురు దాని అంచు పట్టుకుని వేలాడితే తేలాలి. ఆ రోజు నన్ను పిలువు. మోకాళ్ళ నొప్పులున్నా వస్తాను. బావను కూడా నేనే తీసుకొస్తాను, ఒడ్డున నా పక్కన కూర్చుంటాడు.

నాలుగు బేరింగ్ హౌసింగులూ నేనే లేత్ మీద తీసి పంపుతాను. షాఫ్ట్ కొలత స్కేలుతో వద్దు, మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలిచి రాయి.

మామయ్య