సైజు కుదరాలంటే ఒంటితో పాటు బట్టనూ కొలవాలి

ఆన్‌లైన్‌లో ఏ బట్టలు తెప్పించుకున్నా సైజు తప్పుతోందని, ఇంట్లో టేపుతో కొలుచుకుంటే ఛాతీ 37, నడుము 31, హిప్ 41 అంగుళాలు వచ్చాయని, సైజు పట్టికలో చూస్తే మూడూ మూడు సైజుల్లో పడుతున్నాయని మీరు రాశారు. ఈ బాధ నేనూ చాలాకాలం పడ్డాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒకసారి ఇంటర్వ్యూ కోసం షర్టు తెప్పించుకున్నాను. నా ఛాతీ కొలత 38. సైజు పట్టికలో 'ఛాతీ 38' అని ఉన్న సైజే ఆర్డర్ పెట్టాను. ముందురోజు సాయంత్రం వేసుకుని చూస్తే బొత్తాలైతే పట్టాయి గానీ, చేతులు ముందుకు చాపలేకపోయాను. కూర్చుంటే బొత్తాల మధ్య బట్ట విచ్చుకుంటోంది. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. కొలత తప్పు తీసుకున్నానేమోనని మళ్లీ మళ్లీ కొలిచాను. ప్రతిసారీ 38 వచ్చింది. తప్పు కొలతలో లేదు. ఆ పట్టికలో ఇచ్చింది ఒంటి కొలత కాదు, కుట్టిన షర్టు కొలత.

ఈ తేడా తెలిస్తే మీ సమస్య సగం తీరిపోతుంది. ఒంటికీ బట్టకీ మధ్య కొంత జాగా ఉండాలి. ఊపిరి తీసుకోవాలి, వంగాలి, చేయి పైకెత్తాలి కదా. టైలర్లు 'లూజు వదలడం' అనేది దీన్నే. సాగని నేత బట్టతో కుట్టిన మామూలు షర్టుకు ఛాతీ దగ్గర మూడు నాలుగు అంగుళాలైనా లూజు ఉంటే సుఖంగా ఉంటుంది. సాగే టీషర్టు బట్టకు అంత అక్కర్లేదు, ఒంటి కొలతకు సమానంగా ఉన్నా సరిపోతుంది. కాబట్టి పట్టిక తెరవగానే అది బాడీ మెజర్‌మెంట్సా (ఒంటి కొలతలా), గార్మెంట్ మెజర్‌మెంట్సా (కుట్టిన బట్ట కొలతలా) అన్నది చూడండి. ఎక్కడా రాయకపోతే అమ్మేవాళ్లను అడగండి. నేనిప్పుడు అడగకుండా కొనడం లేదు.

ఇక కొలవడం. ముందు టేపును ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. మా ఇంట్లో ఏళ్ల తరబడి వాడిన గుడ్డ టేపు సాగిపోయింది. సాగిన టేపుతో కొలిస్తే అసలు ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. పలుచని లోదుస్తులతోనో, ఒంటికి అంటుకునే పలుచని బట్టతోనో నిలబడండి. పైన వేసుకునే బట్ట కింద రోజూ ఏ లోదుస్తులు వేసుకుంటారో కొలిచేటప్పుడూ అవే ఉండాలి, ముఖ్యంగా ఆడవాళ్లకు ఛాతీ కొలత వాటిని బట్టి మారుతుంది.

ఛాతీని బాగా నిండుగా ఉన్న చోట, చంకల కింది నుంచి టేపు తిప్పి కొలవాలి. వీపు వైపు టేపు కిందికి జారిపోతుంది, మనకు కనిపించదు. నేను ఒక్కదాన్నే కొలుచుకున్నప్పుడు ఒక లెక్క, మా చెల్లి కొలిచినప్పుడు మరో లెక్క వచ్చేది ఇందుకే. ఎవరూ సాయం లేకపోతే అద్దానికి పక్కకు తిరిగి, టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. చేతులు కిందికి దించి, మామూలుగా ఊపిరి వదిలాక చదవండి.

ఎక్కువమంది పొరపాటు పడేది నడుము దగ్గరే. ప్యాంటు ఎక్కడ కట్టుకుంటే అదే నడుము అనుకుంటాం. పట్టికల్లో నడుము అంటే సాధారణంగా చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య భాగం. తిన్నగా నిలబడి ఒక పక్కకు వంగితే ఎక్కడ మడత పడుతుందో అక్కడ. చాలామందికి అది బొడ్డుకు కొంచెం పైన ఉంటుంది. పొట్ట లోపలికి లాక్కోకండి. రోజంతా మీరు ఆ బట్టలోనే తిరగాలి, కూర్చోవాలి. టేపు ఒంటిని తాకాలి గానీ నొక్కకూడదు. నడుముకు కిందగా కట్టుకునే రకం ప్యాంటుకైతే అది కూర్చునే చోట విడిగా ఇంకో కొలత తీసుకోండి. ఈ రెండింటి మధ్య చాలా తేడా రావచ్చు.

హిప్ అంటే తుంటి ఎముక దగ్గర కాదు, పిరుదులు బాగా నిండుగా ఉన్న చోట. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. కాలి పొడవు మాత్రం ఒంటి మీద కొలవడం కష్టం. బాగా కుదిరిన ప్యాంటు పరిచి, రెండు కాళ్లు కలిసే చోటి కుట్టు నుంచి కింది అంచు దాకా లోపలి వైపు కొలిస్తే చాలు.

ఆ ప్యాంటు సంగతి వచ్చింది కాబట్టి, నాకు అన్నిటికంటే పనికొచ్చిన పద్ధతి చెబుతాను. మీ దగ్గర బాగా కుదిరిన షర్టో, డ్రెస్సో ఒకటి ఉంటుంది. దాన్ని బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, బొత్తాలు పెట్టి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా కొలిచి రెట్టింపు చేయండి. భుజం కుట్టు నుంచి భుజం కుట్టుకు, చేతి పొడవు, మొత్తం పొడవు కూడా రాసుకోండి. గార్మెంట్ మెజర్‌మెంట్స్ ఇచ్చినప్పుడు వీటితో పోల్చండి. ఒంటి కొలతతో పోల్చకండి. బట్ట రకం కూడా ఒకటే అయ్యేలా చూసుకోండి, సాగే బట్ట కొలతతో సాగని బట్ట కొంటే లాభం లేదు. నూలు బట్టయితే ఉతికాక కుంచించుకుపోతుందేమో కనుక్కోండి. 5 శాతం తగ్గినా 40 అంగుళాల ఛాతీ 38 అయిపోతుంది.

'నేను ఎప్పుడూ ఎం (M, మీడియం) సైజే కదా' అని మీరన్నారు. ఆ అక్షరాన్ని నమ్ముకోవద్దు. 1939-40లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ దాదాపు 15 వేల మంది మహిళలకు, ఒక్కొక్కరికి 59 చొప్పున కొలతలు తీశారు. ఆ లెక్కల ఆధారంగా 1958లో అక్కడ ఒక సైజుల ప్రమాణం వచ్చింది. 1983లో దాన్నీ ఉపసంహరించుకున్నారు. ఇప్పుడు ఏ కంపెనీ ఎం సైజుకు ఏ అంకెలు పెట్టుకుంటే అవే. సైజు మారితే మీ ఒళ్లు మారిందని బాధపడకండి.

ఇక మీ 37, 31, 41 సంగతి. పై భాగానికి వేసుకునే షర్టుకు, టాప్‌కు ఛాతీ 37ను పట్టుకోండి. ప్యాంటుకు, బిగుతు స్కర్టుకు హిప్ 41ను పట్టుకోండి. అప్పుడు నడుము లూజవుతుంది, పర్వాలేదు. నడుము దగ్గర అంగుళమో రెండంగుళాలో లోపలికి పట్టించడం టైలర్‌కు చిన్న పని. హిప్ దగ్గర బిగుతైతే మాత్రం కుట్టు లోపల విప్పడానికి చాలాసార్లు బట్ట ఉండదు. భుజాల నుంచి కాళ్ల దాకా ఒకటే ముక్కగా ఉన్న డ్రెస్‌కైతే కింది భాగం బాగా వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. అప్పుడు హిప్‌ను పక్కన పెట్టి ఛాతీని చూసుకుంటే సరిపోతుంది. కింద కూడా బిగుతుగా ఉండే డ్రెస్సయితే హిప్‌కు సరిపోయే పెద్ద సైజు తీసుకుని, పై భాగాన్ని టైలర్‌తో లోపలికి పట్టించండి.