బాబుకి ‘పండు’ అనే పేరే రికార్డుల్లో పెట్టొచ్చా? - సమాధానం

బాబుని ఇంట్లో పిలుచుకునే ‘పండు’ పేరే రికార్డుల్లోనూ పెట్టాలని మీకుంది, అత్తగారేమో ఒప్పుకోవట్లేదు. మీ టెన్షన్ అంతా 21 రోజుల్లో నమోదు చేయించాలనే గడువు వల్లే వచ్చినట్టుంది. ‘పండు’ అని రాయించడానికి చట్టం అడ్డురాదు. అత్తగారిని ఒప్పించడానికి మాత్రం టైం కావాలి, అది మీకుంది.

1. 21 రోజుల్లో నమోదు చేయించాల్సింది పుట్టుకని మాత్రమే. పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు. చాలామంది ఇది తెలియక ఆస్పత్రిలో ఫారం చేతికివ్వగానే తోచిన పేరు రాసేసి, తర్వాత దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు.

2. ఈలోపు ‘గారు’ తగిలించి పిలిచి చూడండి. ‘పండు గారూ, ఇక్కడ సంతకం పెట్టండి’ అంటే మీకే నవ్వొస్తే ఇంటి వరకే ఉంచండి. (చిట్టిబాబు గారు ఆ పేరుతోనే వీణ విద్వాంసుడిగా పేరు తెచ్చుకున్నారనుకోండి!)

3. నన్నడిగితే రికార్డుల్లో పాండురంగ, ఇంట్లో పండు. దేవుడి పేరు కాబట్టి అత్తగారూ కాదనరు.

4. ఏ పేరైనా ఇంటిపేరు పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. ఆధార్‌లోనూ అదే స్పెల్లింగ్ ఉండాలి.