ఎమ్మారైలో ‘డిస్క్ బల్జ్’ అని వస్తే నడుం నొప్పికి అదే కారణమా?

కానక్కర్లేదు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు అంచు కాస్త బయటికి ఉబ్బడమే బల్జ్. ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా చాలామందిలో ఈ బల్జ్ కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ డిస్కులో నీరు తగ్గి, అది కాస్త చదునై అంచులు బయటికి వస్తాయి, జుట్టు నెరిసినట్టే. నొప్పి లేని 20 ఏళ్లవాళ్లలోనే సుమారు 30 శాతం మందికి ఇది ఉంటుంది. బియ్యం బస్తా ఎత్తి నడుం పట్టేసిన 45 ఏళ్ల మనిషి రిపోర్టులో ఎల్4-ఎల్5 (నడుం భాగంలోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య) దగ్గర బల్జ్ అని రాసి ఉందనుకోండి. అది బస్తా ఎత్తకముందు నుంచీ ఉన్నదే కావచ్చు.

డిస్క్ పక్కకి జారిందనీ, మర్దనతో లోపలికి నెట్టించాలనీ, మంచం దిగకూడదనీ అనుకోవడం పొరపాటు. డిస్క్ పైనా కిందా ఎముకలకి గట్టిగా అతుక్కునే ఉంటుంది. ఓర్చుకోగలిగినంత మేర నడుస్తూ ఉంటేనే త్వరగా తేరుకుంటారు. కాలు బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.