సీటు ఆగుతుంది, ముందు అబ్బాయితో మాట్లాడండి

ప్రశ్న: మేం అమెరికాలో, యూటా రాష్ట్రం లీహైలో ఉంటాం. మా అబ్బాయికి 18 ఏళ్లు నిండాయి. యూనివర్సిటీ ఆఫ్ యూటాలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. నిరుడు స్నేహితుల వెంట వెళ్లి మోర్మన్ చర్చిలో చేరాడు. అప్పట్నుంచి ఇంట్లో కాఫీ కూడా ముట్టడు. ఇప్పుడు రెండేళ్లు చదువు ఆపి మిషనరీగా, అంటే మత ప్రచారానికి, వెళ్తానని దరఖాస్తు పెట్టాడు. ఏ ఊరు పంపేదీ మెయిల్‌లో వస్తుందట, దాన్ని స్నేహితుడి ఇంట్లో తెరుస్తాడట. వాళ్ల నాన్న నెలరోజులుగా వాడితో మాట్లాడటం లేదు. వాడి చదువు ఏమవుతుంది? మిషన్ చేస్తే రెజ్యూమెకి మంచిదని పక్కింటివాళ్లు అంటున్నారు, నిజమేనా? కాలేజీలో ఏడాది చదివి వెళ్లడం మేలా?

జవాబు: అమ్మా, యూటాలోని తెలుగు ఇళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ప్రతిసారీ సీటు గురించే మొదలవుతుంది. మీరూ సీటు గురించే అడిగారు గానీ, కాఫీ మాట దగ్గరే మీ మనసు తెలిసింది. పిల్లాడు చెయ్యి దాటిపోతున్నాడని మీ భయం. దాని దగ్గరికి వస్తాను. ముందు సీటు సంగతి తేల్చేద్దాం.

మన దగ్గర ఈఏపీసెట్ (పాత ఎంసెట్) సీటు ఒక్క ఏడాది వదిలితే పోయినట్టే. మీ ఇద్దరి మనసులో ఉన్న లెక్క అదే. యూటాలో ఆ లెక్క పనిచేయదు. అక్కడ ఏటా ఎంతోమంది కుర్రాళ్లు ఇలా వెళ్లివస్తారు కాబట్టి, విశ్వవిద్యాలయాలు వాళ్ల సీటును ఆపి ఉంచే పద్ధతి పెట్టుకున్నాయి. దానంతట అది ఆగదు, గడువులోగా దరఖాస్తు పెట్టాలి. స్కాలర్‌షిప్ ఉంటే దానికి విడిగా అడగాలి. రెండింటికీ రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

మీరు రాయని సంగతి ఒకటుంది, నాకు దిగులు దాని గురించే. అబ్బాయి అమెరికాలో పుట్టాడా, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద పిల్లలకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాడా? హెచ్-4 అయితే 21 నిండగానే ఆ హోదా పోతుంది. ఇప్పుడు వెళ్తే తిరిగొచ్చేసరికి 20 దాటుతాయి, ఆ తర్వాత మిగిలేది నెలలే. వేరే దేశానికి పంపితే మళ్లీ లోపలికి రావడానికి వీసా స్టాంపింగ్ ఒకటి. దరఖాస్తు పెట్టే ముందే ఇది లాయర్‌తో మాట్లాడాల్సింది. తండ్రీకొడుకుల మధ్య మాటలుంటే ఈపాటికి మాట్లాడి ఉండేవాళ్లు కూడా. ఈ వారమే ఆ పని చేయండి.

ఇక అక్కడ వాడు ఏం చేస్తాడో మీకు తెలియాలి. తెలియకపోవడం వల్లే సగం భయం. పెరూలో మిషన్ చేసి వచ్చిన ఒక తెలుగు కుర్రాడు నాకు తన వారం మొత్తం చెప్పాడు. పొద్దున ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం. పొద్దున వ్యాయామం, చదువు, జతగాడితో కలిసి పాఠం. జతగాడంటే రోజంతా ఒకరి కంటికి ఒకరు కనిపిస్తూ ఉండాల్సిన తోటి మిషనరీ. ఎవరితో జత కట్టాలో మనం ఎంచుకోలేం. సోమవారం బట్టలు ఉతుక్కోవడం, సరుకులు, క్షవరం, ఇంటికి ఉత్తరాలు; సాయంత్రం ఆరు నుంచి మళ్లీ పని. మంగళవారం చుట్టుపక్కల మిషనరీలందరి సమావేశం. ఒకరోజు జత మార్చి వేరొకరితో తిరగడం, ఒకరోజు ఎవరి ఇంటికో సున్నం వేయడమో, ఇటుకలు మోయడమో. మిగతా పొద్దంతా మనుషుల్ని కలవడం, పాఠం చెప్పడం. మధ్యాహ్నం చర్చివాళ్ల ఇంట్లో అన్నం, పప్పు. ఆదివారం రెండు గంటల ఆరాధన. రమ్మన్నప్పుడు వస్తామన్న ఐదుగురిలో ఒక్కరూ రాని ఆదివారాలే ఎక్కువట. సినిమాల్లేవు, ప్రేమల్లేవు, జీతం లేదు. పైపెచ్చు మీ దేశంలోని వాళ్లు 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు తామే కట్టుకోవాలి. రెండేళ్లకు 12,000.

మొదటి మూడు నెలలు రోజూ స్నానాల గదిలో ఏడ్చేవాణ్నని ఆ కుర్రాడే చెప్పాడు. అయినా ఉన్నాడు. అతని జతగాడు ఒకడు మధ్యలోనే ఇంటికెళ్లిపోయాడు. వెళ్లిపోవచ్చు, ఎవరూ కట్టేయరు. కానీ అలా వచ్చినవాళ్లు తలెత్తుకోలేక నలిగిపోవడం నేను చూశాను. మీవాడు అలా వస్తే, మీ ఇంటి తలుపు దగ్గర ‘మేం ముందే చెప్పాం’ అనే మాట వినపడకూడదు.

రెజ్యూమె మాట. ఇది ఈమధ్య బాగా పెరిగింది. భాష వస్తుంది, బెరుకు పోతుంది, నాయకత్వం వస్తుంది అని చెప్పి పిల్లల్ని ఎగదోసేవాళ్లున్నారు. భాష రావడం నిజం. తలుపు మొహాన వేసినా మర్నాడు ఇంకో తలుపు తట్టే ఓపిక రావడమూ నిజం. ఆ ఓపిక మీద కన్నేసి, తిరిగొచ్చిన కుర్రాళ్లను వేసవిలో ఇంటింటికీ తిరిగి పురుగుమందు సేవలు, సోలార్ పలకలు అమ్మే పనిలోకి లాక్కునే వ్యాపారం యూటాలో పెద్దదే. కమీషన్ డబ్బు చూసి చదువు ఇంకో ఏడాది వాయిదా వేసినవాళ్లు నా దగ్గరికొచ్చారు. రెండేళ్లు ముట్టని కాలిక్యులస్ చేతికి తిరిగి రావడానికి ఒక సెమిస్టర్ పడుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో రెండేళ్లంటే ఈ రోజుల్లో తక్కువేం కాదు. ఉద్యోగం కోసం మిషన్‌కి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. నమ్మకం ఉంటే వెళ్లాలి. లేకపోతే ఆరున్నరకు లేవడం మొదటి వారంలోనే బరువవుతుంది. నమ్మకం ఉందో లేదో మీవాణ్ని అడిగారా? మీ ఉత్తరంలో పక్కింటివాళ్ల మాట ఉంది, వాళ్ల నాన్న కోపం ఉంది, వాడి మాట ఒక్కటి లేదు. కాఫీ మానేశాడని రాశారు, ఎందుకు మానేశాడని అడిగినట్టు రాయలేదు. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టకూడదని వాళ్ల నియమం. మీ చేతి కాఫీ మీద వాడికి కోపమేమీ లేదు. ఇంకో మాట, ‘మోర్మన్’ అనే పేరు వాడొద్దని వాళ్ల చర్చి పెద్దలు 2018లోనే కోరారు. యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అనండి. ఆ ఒక్క మాటకే వాడి మొహం మారుతుంది.

ఏడాది చదివి వెళ్లడం మేలా అంటే, నా మొగ్గు కొంచెం అటే. హాస్టల్లో ఉండి, పాఠాలు మోసి, స్నేహితులు పక్కన లేనప్పుడు కూడా వెళ్లాలనే ఉంటే అది గట్టి కోరికే. హెచ్-4 అయితే మాత్రం ఆ ఏడాది చేజార్చుకోవడానికి లేదు, లెక్క మొత్తం మారిపోతుంది.

ఒక్క సంగతి మీకు ధైర్యంగా చెప్పగలను. ఒకప్పుడు మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం చేయనిస్తున్నారు, వీడియోలో కూడా. హాస్టల్లో ఉన్న మన పిల్లల్లో వారానికి అరగంట తల్లిని చూస్తూ మాట్లాడేవాళ్లు ఎంతమంది? వాళ్ల నాన్నగారు కూడా ఆ ఫోన్‌లో ఉండాలి. ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి. నెలరోజులు కొడుకుతో మాట్లాడకుండా ఉండి, వాడు బయటివాళ్ల మాట వింటున్నాడని బాధపడటంలో న్యాయం లేదు.

వాళ్లకు ఆ మెయిల్ తెరవడం అంటే అయినవాళ్లందరినీ కూర్చోబెట్టుకుని చేసుకునే వేడుక. మీ ఇంట్లో తెరవమని వాణ్ని ఈ రాత్రే అడగండి. స్నేహితుణ్నీ, వాళ్లమ్మానాన్నల్నీ భోజనానికి పిలవండి, వాళ్లకు కాఫీ బదులు మజ్జిగ ఇవ్వండి.