లాఫుల్లీకి "న్యాయంగా" సరిపోతుందా? లీగల్లీ కూడా అదేనా?

నమస్తే అండి. ఇంగ్లిష్‌లో ఉన్న సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) తెలుగులోకి మారుస్తూ, ఆస్తి "లాఫుల్లీ అక్వైర్డ్" అన్న వాక్యంలో లాఫుల్లీ దగ్గర ఆగిపోయానన్నారు. "న్యాయంగా" అని రాయొచ్చా, లీగల్లీ అన్నా ఒకటేనా అని అడిగారు.

"న్యాయంగా" మాత్రం వద్దండి. అది ధర్మానికి, మనస్సాక్షికి సంబంధించిన మాట. చట్టప్రకారం జరిగిన పని కూడా ఒక్కోసారి అవతలివాళ్లకు అన్యాయంగానే ఉంటుంది. మీ వాక్యంలో చెప్పేది, అమ్మేవారికి ఆ స్థలం చట్టం ఒప్పుకున్న దారిలో వచ్చిందని. కాబట్టి "చట్టబద్ధంగా పొందిన ఆస్తి" అని రాయండి.

ఇక లీగల్లీ. చాలాచోట్ల రెండూ ఒకదాని బదులు ఒకటి నడుస్తాయి. కానీ "చట్టం దృష్టిలో" అనే అర్థం లీగల్లీకే బాగా అతుకుతుంది. "లీగల్లీ, షి ఈజ్ యాన్ అడల్ట్" అంటే మన దేశంలో 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం ఆమెకు 18 ఏళ్లు నిండాయని. అక్కడ లాఫుల్లీ పెడితే వాక్యం కుదరదు. లాఫుల్లీ ఎక్కువగా పని జరిగిన తీరును చెబుతుంది: అరెస్టు చేయడం, స్వాధీనం చేసుకోవడం, దేశంలోకి రావడం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను "లాఫుల్లీ అడ్మిటెడ్ ఫర్ పర్మనెంట్ రెసిడెన్స్" అంటుంది. మనవాళ్లు చాలామందికి ఈ మాట అక్కడే ఎదురవుతుంది.

వాక్యంలో చోటు సులువే. క్రియకు ముందు పెట్టండి: "హి లాఫుల్లీ ఓన్స్ ద ల్యాండ్". వాజ్ ఉంటే దాని తర్వాత: "వాజ్ లాఫుల్లీ అక్వైర్డ్". స్పెల్లింగులో చివరి వైకి ముందు రెండు ఎల్‌లు మరచిపోకండి.

రిజిస్ట్రేషన్‌కు ముందు తెలుగు ప్రతిని ఒకసారి లాయరుకు తప్పకుండా చూపించండి.