బిగుసుకున్న అక్షం: టెలిస్కోపు మౌంట్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: ఐదేళ్ళుగా వాడుతున్న ఈక్వటోరియల్ మౌంట్ (నక్షత్రాల కదలిక వెంట టెలిస్కోపును తిప్పే స్టాండు). ఈమధ్య ఆర్.ఏ. అక్షాన్ని, అంటే తూర్పు పడమరలుగా తిప్పేదాన్ని, మోటారుతో తిప్పితే కొంత దూరం వెళ్ళి గుర్రుమని ఆగిపోతోంది. గ్రీజు మారిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోవచ్చు. కానీ ముందే విప్పకండి. బిగుతు ఎక్కడుందో తెలుసుకోకుండా విప్పితే, మళ్ళీ బిగించాక దేన్ని బాగుచేశామో, దేన్ని చెడగొట్టామో తేలదు. గ్రీజు మార్చి, వర్మ్ (పళ్ళ చక్రాన్ని తిప్పే మరకడ్డీ) సర్ది, బేరింగులు కొత్తవి వేసినా అదే చోట ఆగే మౌంట్లున్నాయి. చివరికి చూస్తే తప్పు క్లచ్‌ది.

మోటారు నుంచి వచ్చే తిప్పుడు చిన్న గేర్లు లేదా బెల్టు మీదుగా వర్మ్‌కి, వర్మ్ నుంచి దాని చక్రానికి చేరుతుంది. ఆ చక్రాన్ని అక్షానికి పట్టి ఉంచేది క్లచ్. అంటే బిగుతు క్లచ్‌కి మోటారు వైపు ఉండాలి, లేదా అక్షం వైపు ఉండాలి. ముందు తేలాల్సింది ఇదే.

కరెంటు తీసేయండి. మొదట టెలిస్కోపు ట్యూబును దించండి, తరవాతే కౌంటర్‌వెయిట్లు (ట్యూబుకి ఎదురు తూకంగా పెట్టే బరువులు) తీయండి. ఈ వరస తారుమారైతే ట్యూబు బరువుకి అక్షం ఒక్కసారిగా తిరిగి వేళ్ళు నలుగుతాయి. ఇప్పుడు క్లచ్ పూర్తిగా వదిలి, అక్షాన్ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. బాల్ బేరింగులున్న మౌంట్ ఆరోగ్యంగా ఉంటే, కౌంటర్‌వెయిట్ కడ్డీని అడ్డంగా పెట్టి వదిలినప్పుడు అది తన బరువుకే మెల్లగా కిందికి దిగుతుంది. దిగకుండా ఎక్కడ వదిలితే అక్కడే నిలబడిపోతే తప్పు అక్షం వైపే ఉంది. అప్పుడు అనుమానించాల్సినవి మూడు: గడ్డకట్టిన గ్రీజు, మితిమీరి బిగించిన చివరి నట్టు, వదిలినా పూర్తిగా వెనక్కి జరగని క్లచ్ ముక్క.

చేత్తో హాయిగా తిరిగితే మోటారు వైపు చూడండి. మూత తీసి, మోటారు గేరును పక్కకి జరిపి లేదా బెల్టు తీసి, వర్మ్‌ని వేళ్ళతోనే తిప్పండి. ఒకసారి క్లచ్ వదిలి, ఒకసారి బిగించి తిప్పాలి. వదిలినప్పుడు వర్మ్, చక్రం రెండూ తేలిగ్గా తిరిగి, బిగించగానే బరువెక్కితే వర్మ్‌లో లోపం లేదు. బిగించినప్పుడు క్లచ్ చక్రాన్ని ఒక పక్కకి ఒరగదోస్తోంది. రెండుసార్లూ బరువుగానే ఉంటే వర్మే బిగుసుకుంది. రెండుసార్లూ తేలిగ్గా ఉంటే మిగిలింది మోటారు, దాని గేర్లు. గేర్లు మరీ దగ్గరగా ఒరుసుకుంటుంటే రెంటి మధ్య మామూలు రాత కాగితం ముక్క ఒకటి పెట్టి, మోటారును నొక్కిపట్టి బోల్టులు బిగించి, గేర్లు తిప్పి కాగితాన్ని బయటికి తీసేయండి. సుమారు 0.1 మిల్లీమీటరు సందు మిగులుతుంది, అది చాలు. బెల్టయితే మధ్యలో వేలితో నొక్కినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. వీణ తీగలా బిగించిన బెల్టు మోటారు బేరింగును తినేస్తుంది.

బ్యాలెన్సు గురించి ఒక మాట. అక్షం బిగుసుకుని ఉంటే బ్యాలెన్సు సరిగ్గా ఉందో లేదో మీకు తెలియదు, ఎందుకంటే బరువు తేడా ఉన్నా అక్షం కదలదు. ఆ తేడానంతా మోటారు మోస్తుంది. అందుకే బిగుతు వదిలించాక బ్యాలెన్సు మళ్ళీ మొదటినుంచీ చేసుకోవాలి.

ప్రశ్న: నా మౌంట్‌లో ఒక చోట పట్టేస్తుంది, మిగతా చోట్ల లూజుగా ఉంటుంది. లూజు తీయడానికి వర్మ్‌ని దగ్గరికి జరిపితే పట్టేసే చోట మోటారు పూర్తిగా ఆగిపోయింది. ఏం చేయాలి?

జవాబు: ఆ పట్టడం ఎన్ని డిగ్రీలకొకసారి వస్తోందో లెక్కపెట్టండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. వర్మ్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక పన్ను జరుగుతుంది. ఈక్యూ6 అనే మౌంట్ మోడల్‌లో లాంటి 180 పళ్ళ చక్రమైతే చుట్టుకి 2 డిగ్రీలు, ఈక్యూ5లో 144 పళ్ళు కాబట్టి 2.5 డిగ్రీలు, హెచ్ఈక్యూ5లో 135 పళ్ళు కాబట్టి సుమారు 2.67 డిగ్రీలు. వర్మ్ ప్రతి చుట్టులోనూ ఒకే భంగిమలో పట్టేస్తుంటే తప్పు వర్మ్‌దే: వంగి ఉండాలి, లేదా దాని చివరి బేరింగు పాడై ఉండాలి. 360 డిగ్రీలకి ఒక్కసారే మెల్లగా బరువెక్కి మెల్లగా తేలికైతే చక్రం కేంద్రం కొంచెం పక్కకి ఉన్నట్టు. మీది ఈ రెండో రకంలా కనిపిస్తోంది. అలా కాక ఒకే ఒక్క పన్ను దగ్గర టక్కుమని ఆగితే ఆ పంటి సందులో లోహపు పొట్టు ఇరుక్కుని ఉండొచ్చు. పాత టూత్‌బ్రష్‌తో, చెక్క పుల్లతో శుభ్రం చేయండి. సూది, స్క్రూడ్రైవర్ మాత్రం వాడకండి, ఇత్తడి పళ్ళ మీద గీత పడితే అది శాశ్వతం.

వర్మ్‌ని జరిపే ముందు ఇంకొకటి చూడాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. క్లచ్ బిగించి అక్షాన్ని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ, వర్మ్ చివర వేలు ఆనించి ఉంచండి. వర్మ్ తన పొడుగు దిశలో ముందుకీ వెనక్కీ జరుగుతున్నట్టు వేలికి తెలిస్తే, మీరు చూస్తున్న లూజు పళ్ళ మధ్యది కాదు, వర్మ్‌ని చివర పట్టి ఉంచే బిళ్ళది. ఆ బిళ్ళను కొద్దిగా బిగిస్తే పోతుంది. అది వదిలేసి పళ్ళను దగ్గరికి నొక్కితే లూజు పోదు, పైగా అక్షం పట్టేస్తుంది. బిళ్ళను మరీ బిగించినా వర్మ్ బేరింగుల మీద ఒత్తిడి పడి చుట్టంతా బరువెక్కుతుంది. ఊగు ఆగిన చోటే ఆపండి.

వర్మ్ నిలకడగా ఉందని తేలాక సర్దుబాటు. అక్షాన్ని పూర్తి చుట్టు తిప్పి, అన్నిటికంటే బిగుతైన చోట టేపు ముక్క అంటించండి. సర్దడమంతా ఆ చోటే జరగాలి. లూజుగా ఉన్న చోట సర్దితే బిగుతు చోట పట్టేయక తప్పదు. మీకు జరిగింది అదే.

వర్మ్ పెట్టె బోల్టులను పావు చుట్టు మాత్రమే వదులు చేయండి, పెట్టె జరగాలి గానీ వేలాడకూడదు. ఎదురెదురుగా ఉన్న తల లేని చిన్న స్క్రూలలో ఒకదాన్ని వెనక్కి తీసి, రెండోదాన్ని అంతే లోపలికి తిప్పాలి. ఒక్కసారికి ఎనిమిదోవంతు చుట్టు మించకూడదు. ఎం4 (4 మిల్లీమీటర్ల) స్క్రూ ఒక చుట్టుకి 0.7 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి ఎనిమిదోవంతు చుట్టంటే 0.09 మిల్లీమీటరు. ఈ పనికి అదీ ఎక్కువే, చివరి దశలో అలెన్ కీ కదిలిందా లేదా అన్నంత తిప్పితే చాలు. బోల్టులు మళ్ళీ బిగించి చుట్టంతా తిప్పి చూడండి. బోల్టు బిగించడం వల్లే పెట్టె కొంచెం జరుగుతుంది, అందుకే బిగించాక చూసిందే లెక్క. నాలుగైదుసార్లు చేయాల్సి వస్తే అది మామూలే.

టేపు ఉన్న చోట చేతికి అందీ అందనంత ఆట (లూజు) మిగలాలి. మిగతా చోట్ల అంతకంటే కాస్త ఎక్కువుంటుంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే. 90 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రంలో పళ్ళ మధ్య 0.01 మిల్లీమీటరు సందంటే ఆకాశంలో దాదాపు 46 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). ఆర్.ఏ.లో ఇది పెద్దగా బాధించదు. తూర్పు వైపు కొద్దిగా బరువెక్కువగా బ్యాలెన్సు చేస్తే పళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఆని ఉంటాయి. డెక్ అక్షంలో, అంటే ఉత్తర దక్షిణాలుగా తిప్పేదాంట్లో, అలా కుదరదు. గైడింగ్ (నక్షత్రం పక్కకి జరగకుండా మోటారుతో చేసే చిన్న సవరణలు) దిశ మారినప్పుడల్లా ఆ సందు దాటాలి. సగం సైడీరియల్ వేగంతో (ఆకాశంలో నక్షత్రాలు కదిలే వేగంలో సగంతో), అంటే సెకనుకి 7.5 ఆర్క్‌సెకన్లతో గైడ్ చేస్తుంటే అది దాటడానికే ఆరు సెకన్లు పడుతుంది. కాబట్టి ఓపికంతా డెక్ మీద పెట్టండి.

ప్రశ్న: పాత గ్రీజు జిగురులా అయిపోయింది. ఎలా తీయాలి, కొత్తది ఏది, ఎంత రాయాలి?

జవాబు: విప్పే ప్రతి దశకీ ఫోటో తీయండి. నట్టు ఎక్కడుందో, పెట్టె ఎక్కడుందో మార్కరుతో గీత పెట్టుకోండి. వాషర్లను తీసిన వరసలో, తీసిన ముఖం పైకుండేలా ట్రేలో పేర్చండి. పల్చటి వాషరు ఒకటి స్థానం మారినా అక్షం బిగుసుకుంటుంది, అప్పుడు తప్పు గ్రీజుది అనుకుంటారు.

చివరి నట్టును కదలకుండా పట్టి ఉంచే చిన్న స్క్రూలుంటాయి, సాధారణంగా రెండు లేదా మూడు. వాటిని ముందు వదులు చేయకుండా నట్టు తిప్పితే మర చెడుతుంది. కొన్ని మౌంట్లలో వాటి కింద చిన్న ఇత్తడి లేదా ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి, స్క్రూతోపాటు జారిపడతాయి, పారేసుకోకండి. షాఫ్టు రాకపోతే చెక్క ముక్క అడ్డంపెట్టి రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టండి.

లోహపు భాగాలను కిరసనాయిలులో బ్రష్‌తో కడిగి, ఆ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నూలు పోగులు రాలని గుడ్డతో ఆరబెట్టండి. రంగు వేసిన భాగాలకీ ప్లాస్టిక్‌కీ అసిటోన్ తగలనివ్వకండి. మూతలున్న బేరింగులను ద్రవంలో ముంచకూడదు, లోపలి గ్రీజు కరిగిపోతుంది. పైపైన తుడిచి వేలికి తగిలించి తిప్పండి. గరగరమంటే మార్చేయడమే మంచిది. బేరింగు పక్కనే నంబరు ఉంటుంది. ఉదాహరణకి చాలా మౌంట్లలో వర్మ్‌కి వాడే 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని గూట్లోకి దించేటప్పుడు బయటి రింగునే నొక్కాలి, షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే. తప్పు రింగును కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా దారిలో గుంటలు పెడుతుంది, అవి కంటికి కనబడవు గానీ తిప్పిన ప్రతిసారీ చేతికి తెలుస్తాయి.

గ్రీజుకి ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు చిక్కదనాన్ని చెప్పే అంకె) లిథియం గ్రీజు చాలు. చలి ఎక్కువుండే చోటైతే తక్కువ ఉష్ణోగ్రతలకి తయారుచేసిన సింథటిక్ గ్రీజు తీసుకోండి. పాతదాని మీదే కొత్తది పూయకండి, రెండు రకాలు కలిస్తే పల్చబడి కారడమో, గట్టిపడడమో జరుగుతుంది. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి మంచిదే గానీ అది గ్రీజు కాదు. ఉన్న గ్రీజును కడిగేసి తనూ ఆరిపోతుంది. కొన్నాళ్ళు హాయిగా తిరిగి, ఆ తరవాత మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది.

వర్మ్ చక్రం పళ్ళకి బ్రష్‌తో పల్చటి పొర, పంటి ఆకారం పొరలోంచి కనబడేంత. మూత లేని అక్షం బేరింగుకి శనగగింజంత. క్లచ్ ఆనే ముఖానికి అసలు వద్దు, అక్కడ గ్రీజు చేరితే అక్షం జారుతుంది. దాన్ని ఆపడానికి క్లచ్ ఇంకా బిగిస్తారు, మళ్ళీ చక్రం ఒరుగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు అక్షాన్ని తిప్పుతూనే చివరి నట్టు బిగించండి. రెండు చేతులా పట్టి ఊపితే టకటకమనే ఆట పోయిన చోట ఆగండి. చిన్న స్క్రూలు బిగిస్తుంటే నట్టు తనంతట తానే కాస్త జరుగుతుంది. కాబట్టి అవి బిగించాక మరోసారి తిప్పి చూడండి.

ప్రశ్న: మౌంట్ ఇంట్లో బాగా తిరుగుతుంది. చలికాలం రాత్రి బయట రెండు గంటలయ్యేసరికి పట్టేస్తుంది.

జవాబు: చలికి గ్రీజు చిక్కబడడం ఒక కారణం. రెండోది లోహాల సంకోచం. పెట్టె అల్యూమినియం, చక్రం ఇత్తడి, వర్మ్ ఉక్కు. మీటరు పొడుగున్న కడ్డీ ఒక డిగ్రీ చల్లబడితే అల్యూమినియం సుమారు 23, ఇత్తడి 19, ఉక్కు 12 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కుంచించుకుంటాయి. పెట్టె ఎక్కువగా ముడుచుకుంటుంది గనక వర్మ్, చక్రం దగ్గరికి వస్తాయి. రెంటి కేంద్రాల మధ్య 50 మిల్లీమీటర్లుంటే 30 డిగ్రీల తేడాకి దాదాపు 0.01 మిల్లీమీటరు. ఆట ఏమాత్రం లేకుండా వేడి గదిలో సర్దిన మౌంట్‌కి అంత చాలు. బయటపెట్టి రెండు గంటలు చల్లారనిచ్చి, వాడే ఉష్ణోగ్రతలోనే సర్దండి.

ప్రశ్న: చేత్తో తిప్పితే ఎక్కడా పట్టడం లేదు. అయినా వేగంగా తిప్పినప్పుడు మోటారు కీచుమని ఆగిపోతోంది.

జవాబు: వేగం సగానికి తగ్గించి చూడండి. స్టెప్పర్ మోటారుకి వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. తక్కువ వేగంలో ఆగకుండా తిరిగితే కరెంటు సరఫరాను అనుమానించాలి. మల్టీమీటరును బ్యాటరీ దగ్గర కాకుండా మౌంట్‌లో గుచ్చే ప్లగ్గు దగ్గర పెట్టి, రెండు అక్షాలూ ఒకేసారి పరిగెడుతుండగా కొలవండి. 12 వోల్టుల మౌంట్‌లో అప్పుడు 11 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా వైరు సన్నగా, పొడుగ్గా ఉండాలి. వైరు కురచ చేసి, లావుది వేయండి. ప్లగ్గు వదులుగా ఉందేమో కూడా చూడండి. తిరుగుతుండగా ప్లగ్గును వేలితో కదిపితే మోటారు చప్పుడు మారుతుందంటే లోపం అక్కడే ఉంది.