పీస్ లిల్లీ ఆకులు వాలిపోతున్నాయి, పూలు కూడా రావడం లేదు. ఏం చేయాలి?

ఆకులు వాలగానే నీళ్లు పోసేయకండి, ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. పైన అంగుళం మేర పొడిగా ఉంటే మొక్కకు దాహమే. కుండీ అడుగు నుంచి కారేదాకా పోస్తే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. తడిగా ఉన్నా వాలిందంటే వేర్లు కుళ్లుతున్నాయేమో చూడాలి. ఇళ్లలో ఈ మొక్క చచ్చిపోయేది ఎక్కువగా అందుకే. కుండీలోంచి తీసి, నల్లగా మెత్తబడ్డ వేర్లు కత్తిరించి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన గుల్ల మట్టిలోకి మార్చండి. కింది ప్లేటులో నీళ్లు నిలవనివ్వద్దు.

పూలు రాకపోవడానికి చాలాసార్లు వెలుతురు చాలకపోవడమే కారణం. నీడలో బతుకుతుంది కదా అని హాల్లో ఓ మూలన పెట్టేస్తారు. బతుకుతుంది, కానీ పూయదు. తూర్పు కిటికీ పక్కకు మార్చండి, మధ్యాహ్నపు ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. అన్నట్టు, మనం పువ్వనుకునే తెల్లటిది నిజానికి ఒక ఆకు. అసలు పూలు మధ్యలోని కాడ మీద చిన్నచిన్నగా ఉంటాయి.

ఆకుల కొనలు గోధుమరంగులోకి మారితే నీటిలోని లవణాలను అనుమానించండి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇది మామూలే. వాన నీళ్లు పట్టి పోయండి. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు అసలు వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

పిల్లులు, కుక్కలు, చంటిపిల్లలకు అందనివ్వకండి. ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల నోరు మండిపోతుంది. గాలి శుభ్రమవుతుందని మాత్రం కొనకండి. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని పెట్టెల్లో చేసింది, తలుపులూ కిటికీలూ ఉన్న ఇంట్లో రెండు కుండీలతో ఆ ఫలితం రాదు.